చరిత్ర లేని నేల యను అపవాదము

హైదరాబాదు నగరపు పశ్చిమ భాగమున, మాదాపూరు మొదలుకొని గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేటల వరకు విస్తరించిన సాఫ్ట్‌వేర్ నగరమును గూర్చి మనలో స్థిరపడిన అభిప్రాయమొకటి కలదు. అచ్చట పూర్వమేమియు లేదనియు, ఉన్నవి బండరాళ్లును ముళ్లపొదలును మాత్రమే యనియు, 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన దినముననే ఆ నేలకు చరిత్ర మొదలైనదనియు, కావున బాట ప్రక్కన చారిత్రక ఫలకములు నిలుపవలెనన్న కోరిక చార్మినారు పరిసరములకు తగునేమో గాని అద్దాల మేడల నడుమ అసందర్భమనియు ఆ అభిప్రాయపు సారాంశము. ఈ మాట పలుకువారిలో విద్యావంతులు కలరు, అధికారులు కలరు, ఆ మేడలలో పనిచేయు యువకులు కలరు. పాత గ్రామములలో పుట్టి పెరిగినవారు సైతము కొందరు, పదేపదే విన్నందువలన, తమ నేలకు కథలేదనియే నమ్ముచున్నారు. ఇంతమంది నమ్మిన మాట గనుకనే దీనిని ఉపేక్షింపరాదు. ఇది పొరపాటు మాత్రమే కాదు, ఒక నేలపై మోపిన అపవాదమని నా దృఢవిశ్వాసము. దానిని ఒక్కొక్క అంశముగా ఖండించుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

మొదట, అచ్చట ఏమియు లేదన్న మాటను పరీక్షింతము. ఆ బండరాళ్లే రెండువందల యేబది కోట్ల సంవత్సరముల వయస్సు గల గ్రానైటు శిలలు. భూమిపై మిగిలియున్న అతిప్రాచీన శిలాసముదాయములలో నొకటి. గచ్చిబౌలి యందలి హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో బృహచ్ఛిలాయుగపు సమాధులు బయల్పడినవి, ఆచార్య కె.పి.రావు మొదలగు పురాతత్త్వవేత్తలు అచ్చట తవ్వకములు జరిపి మట్టిపాత్రలను, ఇనుప వస్తువులను వెలికితీసిరి. ఇనుప పనిముట్లు చేతబట్టి బ్రదికి, తమ మృతులను శ్రద్ధతో రాళ్ల నడుమ పూడ్చిపెట్టిన జనులు నివసించిన నేలను శూన్యమని పిలుచుట ఏ న్యాయము? సమాధి కట్టుకొన్నవారికి ఊరుండెను, ఆచారముండెను, జ్ఞాపకముండెను. లేనిది ఆ జ్ఞాపకమును మనకు చెప్పు ఫలకము మాత్రమే.

ఇక దుర్గము చెరువు. 2020 సెప్టెంబరులో దానిపై తీగల వంతెన ప్రారంభమైన పిమ్మట, సాయంకాలముల యందు దీపముల వెలుగు చూడవచ్చు జనులకు లెక్కలేదు. ఆ వంతెనపై నిలిచి చిత్రములు దీయువారిలో, ఆ చెరువు కుతుబ్ షాహీ కాలమున గోలకొండ దుర్గమునకు జలము సమకూర్చిన తటాకమని ఎరిగినవారు ఎందరు? కొండలలోని పల్లమును గుర్తించి, వాననీటిని నిలిపి, ఆ నీటిని క్రోసుల దూరమున నున్న కోటకు చేర్చిన నాటి జలవిద్య, నేటి వంతెన యందలి యంత్రవిద్యకు ఏ విధముగను తీసిపోదు. ఈ ప్రాంతపు గర్వకారణము సాంకేతిక విద్యయే యగునెడల, ఆ విద్యకు ఇచ్చట నాలుగు శతాబ్దులకు పైబడిన పూర్వచరిత్ర కలదని చెప్పుట ఆ గర్వమునకు వన్నె తెచ్చును గాని కొరత కలిగింపదు.

బాటల మాట చూతము. గోలకొండ ప్రాకారపు ద్వారములలో నొకదానికి పటాన్‌చెరు దర్వాజా యని పేరు. ఆ ద్వారము వెడలి పడమటికి సాగిన మార్గమే బీదరు, గుల్బర్గాల వైపు పోవు రాజపథము; నేడు పాత ముంబయి రహదారి యని మనము పిలుచుకొనునది దాదాపు ఆ దిక్కుననే సాగుచున్నది. ఆ దారిపై షేక్‌పేటలో కుతుబ్ షాహీ కాలపు సరాయి ఇప్పటికిని నిలిచియున్నది. దూరదేశముల నుండి వచ్చిన బాటసారులు, వర్తకులు, వారి గుఱ్ఱములు, ఒంటెలు అచ్చట విశ్రమించి, తెల్లవారిన పిమ్మట కోటలోనికి ప్రవేశించెడివారు. ఆ సరాయికి చేరువననే హుస్సేన్ షా వలీ దర్గా. ఇబ్రహీం కుతుబ్ షా ఆజ్ఞపై 1562 ప్రాంతమున హుస్సేన్ సాగరు నిర్మాణమును పర్యవేక్షించిన మహనీయుడాతడు. జంటనగరముల నడుమ ఆయన పేరు తటాకమై నిలిచినది, ఆయన దేహము ఈ పడమటి నేలలో విశ్రమించినది. దేశదేశముల నుండి వచ్చినవారికి ఆతిథ్యమిచ్చుట ఈ ప్రాంతమునకు 1998లో అబ్బిన గుణము కాదు. బాటసారి ఇచ్చటి పురాతన పౌరుడు.

రెండవ వాదము ఇట్లున్నది: చరిత్ర యున్నను అది కోటలోనిది, పాతబస్తీలోనిది, కోట గోడ వెలుపలి పొలములలో, గుట్టలలో ఏమి జరిగినది? ఈ ప్రశ్నకు 1687వ సంవత్సరమే సమాధానము. ఔరంగజేబు సైన్యములు గోలకొండను దాదాపు ఎనిమిది మాసములు ముట్టడించినవి. ముట్టడి యనునది గోడకు ఇరువైపుల జరుగు యుద్ధము. ముట్టడించిన సైన్యపు డేరాలు, ఫిరంగి దిబ్బలు, సొరంగములు, శవములు, ఆకలి — అన్నియు గోడ వెలుపలనే. మొగలులు కోట బురుజుల క్రిందికి సొరంగములు త్రవ్వి మందుగుండు పేర్చి నిప్పంటింపగా ఆ ప్రేలుడు తమవారి మీదనే విరుచుకుపడినది. వానలు ముంచెత్తినవి; ధాన్యము దొరకక శిబిరమున కరవు పుట్టినది; రోగములు ప్రబలి మనుష్యులను, పశువులను గుంపులుగా బలిగొన్నవి. ఆ శిబిరములలో మరణించిన సామాన్య సైనికుల పేర్లు ఏ గ్రంథమునను లేవు. వారు పడిన నేలపై నేడు బహుళాంతస్తుల గృహసముదాయములు లేచినవి. అది యుద్ధభూమి యని చెప్పు ఒక్క మాటయైనను కోట గోడ వెలుపలి బాటలపై నడచువానికి కనబడదు.

ఆ ముట్టడిలో మొగలుల పక్షమున పోరాడిన కులీజ్ ఖాను భుజమును ఫిరంగి గుండు తెంచివేసినది. వైద్యులు ఆతని గాయము నుండి ఎముక ముక్కలు తీయుచుండగా, ఆతడు చలింపక రెండవ చేత కాఫీ త్రాగుచు మాటలాడుచుండెనని మొగలు చరిత్రకారులు వ్రాసిరి. కొలది దినములకే మరణించిన ఆతని సమాధి హిమాయత్ సాగరుకు చేరువన నున్నది. ఆతని మనుమడే పిమ్మట అసఫ్ జాహీ వంశమును స్థాపించి ఈ దేశమునకు నిజామైనవాడు. అనగా రెండు శతాబ్దులకు పైగా హైదరాబాదును పాలించిన వంశపు మూలపురుషులలో నొకడు, హైదరాబాదుపై దండెత్తివచ్చి, ఈ పడమటి నేలపైనే నేలకొరిగినాడు. ఇంతటి విచిత్రమైన చరిత్ర పరిణామమునకు సాక్షియైన ప్రదేశమును దాటి ప్రతిదినము వేలాది వాహనములు పోవుచున్నవి. వానిలో కూర్చున్నవారికి ఆ సంగతి తెలియకపోవుట వారి దోషము కాదు, తెలుపవలసినవారి దోషము.

మూడవ వాదము మిక్కిలి గంభీరమైనది, సదుద్దేశముతో కూడినది. యుద్ధములను స్మరించుట మానిన గాయములను రేపుటయే యనియు, మతవిద్వేషములకు ఆజ్యము పోయుటయే యనియు, అందువలన యుద్ధభూములను మరచుటయే మేలనియు కొందరు శాంతికాముకులు చెప్పుచున్నారు. వారి శాంతికాంక్షకు నమస్కరించుచునే వారి నిర్ణయమును నిరాకరింపవలసియున్నది. మరపు ఏనాడును శూన్యముగా నిలువదు. సత్యము వ్రాయని చోట వదంతి వచ్చి కూర్చుండును. 1687 నాటి యథార్థ వృత్తాంతమే ఇందుకు నిదర్శనము. ముట్టడించినవాడు ముసల్మాను చక్రవర్తి. ముట్టడింపబడినవాడు ముసల్మాను సుల్తాను అబుల్ హసన్ తానాషా. ఆ సుల్తాను పరిపాలనను నడిపిన మంత్రులు అక్కన్న మాదన్నలు తెలుగు బ్రాహ్మణులు. వారు 1686లో గోలకొండ వీథులలో హతులైరి. కోటను తుదివరకు విడువక, దేహమంతయు గాయములతో పడిపోవువరకు పోరాడిన అబ్దుల్ రజాక్ లారీ ఇరాను దేశీయుడు. లంచము గొని అర్ధరాత్రమున ద్వారము తెరచినవాడు కోటలోని సేనాని యగు అబ్దుల్లా ఖాను పన్నీ. శత్రువగు లారీ శౌర్యమునకు ముగ్ధుడై ఆతనికి వైద్యము చేయించినవాడు ఔరంగజేబే. ఈ వృత్తాంతమును నాలుగు వాక్యములలో సత్యముగా వ్రాసి బాటప్రక్కన నిలిపినచో, దానిని చదివినవాడు ఏ మతముపై ద్వేషము పెంచుకొనగలడు? లోకము రెండు రంగులలో లేదని, ద్రోహమునకును విధేయతకును కులమతములు లేవని ఆ ఫలకమే ఆతనికి నేర్పును. విద్వేషకులకు కావలసినది అరకొర కథ. పూర్తి కథను బహిరంగ స్థలమున నిలుపుటయే వారి నోటికి తాళము.

నాలుగవదిగా, ఇది పాశ్చాత్యుల అనుకరణ యని మరికొందరి ఆక్షేపణ. లండనులో 1867 నుండియు మహనీయుల గృహములపై ఫలకములు నిలుపుచున్నారనియు, అమెరికాలో వర్జీనియా రాష్ట్రము 1927లో రహదారుల వెంట చారిత్రక ఫలకములు ప్రారంభించెననియు, అది మనకు సహజము కాదనియు వారందురు. లండనుకు, వర్జీనియాకు పోవలసిన పని లేదు. యుద్ధమున మడిసిన వీరునికి ఊరి పొలిమేరన వీరగల్లు నాటి, అందు ఆతని శౌర్యమును చెక్కించిన జాతి మనది. తెలుగుదేశమున అట్టి వీరశిలలు అనేక గ్రామములలో నేటికిని నిలిచియున్నవి. బాటసారి ఆగి చూచుటకే వానిని దారిప్రక్కన నిలిపిరి. పల్నాటి వీరులకు కారెంపూడిలో ఏటేట ఉత్సవము జరుగుచునే యున్నది. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధమునకు ఆ యుద్ధభూమిపై స్మారకస్తంభము కలదు. హైదరాబాదునందే, 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అల్లావుద్దీనుల నాయకత్వమున బ్రిటిషు రెసిడెన్సీపై జరిగిన దాడికి గుర్తుగా కోఠీలో బాట ప్రక్కననే స్మారకచిహ్నము నిలిచియున్నది. అన్నింటికంటె ముఖ్యముగా, గోలకొండ యందలి మూసా బురుజును చూడుడు. 1656లో ఔరంగజేబు, నాటికి రాజకుమారుడు, జరిపిన మొదటి ముట్టడికి పిమ్మట అబ్దుల్లా కుతుబ్ షా కాలమున మూసా ఖాను నిర్మించిన ఆ బురుజుపై పారశీక శాసనమొకటి కలదు. ఆ ముట్టడిలో మొగలు సేనాని మీర్ మీరాను ఫిరంగి గుండుకు గురియైన వృత్తాంతము అందు చెక్కబడినది. మూడున్నర శతాబ్దుల క్రిందటనే, జరిగిన చోటనే, జరిగిన సంగతిని రాతిపై వ్రాసి నిలుపు సంప్రదాయము ఈ నేలకు కలదు. మనము కోరునది దిగుమతి సరకు కాదు, మధ్యలో తెగిన మన వాడుక తిరిగి కొనసాగుటయే.

ఐదవ వాదము నవీనులది. సమస్తమును చేతిలోని ఫోనులో లభించుచుండగా రాతి పలకలు ఎందులకని వారు ప్రశ్నింతురు. ఫోను అడిగినవానికే చెప్పును. అడుగవలెనన్న ఊహయే లేనివానికి అది మౌనము వహించును. షేక్‌పేట దారిలో సరాయి యున్నదని తెలియనివాడు సరాయిని గూర్చి ఎట్లు వెదకును? ప్రశ్న పుట్టించుట ఫలకపు పని. సమాధానము విస్తరించుట గ్రంథముల పని, ఫోను పని. పైగా ఫోనులో చదివినది ఎవరికి వారే ఏకాంతమున చదువుదురు. బాటప్రక్క వ్రాతను పదిమంది కలిసి చూతురు, బిడ్డ అడుగగా తండ్రి చదివి చెప్పును, బస్సుకై నిలిచిన అపరిచితులు దానిని గూర్చి మాటలాడుకొందురు. ఒక ప్రదేశపు స్మృతి సామూహిక స్మృతి యగుటకు అట్టి బహిరంగ పఠనము ఆవశ్యకము. ఉద్యోగార్థమై నలుదిక్కుల నుండి వచ్చి, ఏండ్ల తరబడి ఒకే దారిన తిరుగుచు, ఆ దారిని గూర్చి ఏమియు వినక తిరిగిపోవు లక్షలాది యువజనులకు, ఈ నేలను తమదిగా భావించుటకు మనమిచ్చిన ఆధారమేది?

ఆరవదియు, బయటకు చెప్పనిదియు, అన్నింటికంటె బలమైనదియు నగు వాదము భూమి ధరకు సంబంధించినది. ఒక చోటికి చరిత్ర కలదని ఒప్పుకొన్నచో అచ్చట కట్టడములకు ఆటంకము వచ్చునన్న భయము కొందరిని మౌనులను జేయుచున్నది. ఈ భయము నిరాధారము. కేంద్రప్రభుత్వపు పురాతన కట్టడముల చట్టమునకు 2010లో చేసిన సవరణ ప్రకారము, రక్షిత కట్టడమునకు నూరు మీటర్ల వరకు నిర్మాణము నిషిద్ధము, ఆపై మరి రెండువందల మీటర్లు నియంత్రితము. కాని ఆ నిబంధన చట్టరీత్యా రక్షితమని ప్రకటింపబడిన కట్టడములకు మాత్రమే వర్తించును. ఇచ్చట ఇది జరిగినదని తెలుపు పలక దేనిని నిషేధింపదు, ఎవరి స్థలమును హరింపదు, మూడడుగుల పాదబాటకు మించి కోరదు. అట్టి పలకకు సైతము వెరచువారు నిజమునకు వెరచుచున్నారని గ్రహింపవలెను. ఏమియు లేదన్న మాటయే భూమిని నిస్సంకోచముగా త్రవ్వుటకు, బండలను ప్రేల్చుటకు, చెరువుల శిఖములను ఆక్రమించుటకు అనుమతిపత్రమువలె పనిచేసినది.

దీనికి విరుద్ధముగా, పరిరక్షకులలోనే కొందరు, ఫలకములు కంటితుడుపు చర్యలనియు, శిలలను, చెరువులను కాపాడక వానిపై పలకలు నాటుట వ్యర్థమనియు వాదింతురు. ఫలకము పరిరక్షణకు ప్రత్యామ్నాయము కాదని నేనును అంగీకరింతును. కాని పరిరక్షణ చట్టములు ఎంత అస్థిరములో ఈ నగరమే చూచినది. చారిత్రక కట్టడములకును, ప్రకృతి శిలాసముదాయములకును కొంత రక్షణ కల్పించిన నగరాభివృద్ధి సంస్థ వారి 13వ నిబంధనను 2015లో తొలగించిరి. 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చినది. చట్టములు ప్రభుత్వములతో మారును. వానిని నిలువబెట్టునది ప్రజల ఎరుక. 2025 వసంతమున కంచ గచ్చిబౌలి యందలి నాలుగువందల ఎకరములలో యంత్రములు వృక్షములను కూల్చుచుండగా విద్యార్థులు ఎదురు నిలిచిరి; ఏప్రిల్ 3న సర్వోన్నత న్యాయస్థానము ఆ పనులను నిలిపివేసినది. ఆ విద్యార్థులు ఎందుకు ఎదురు నిలిచిరి? ఆ చెట్లను, ఆ శిలలను, ఆ పక్షులను వారు ప్రతిదినము చూచి, పేరుపెట్టి ఎరుగుదురు గనుక. ఎరుగనిదానిని ఎవరును రక్షింపరు. ఫలకము ఆ ఎరుకకు మొదటి మెట్టు.

ఖండనము ఇంతటితో ముగించి, చేయవలసినదేమో స్పష్టముగా చెప్పుట నా ధర్మము. రాష్ట్ర వారసత్వ శాఖయు, నగరపాలక సంస్థయు, విశ్వవిద్యాలయపు చరిత్ర శాఖయు కలిసి, సాంకేతిక నగరపు బాటల వెంట ఫలకములు నిలుపవలెను. దుర్గము చెరువు వంతెన మొదట నొకటి, షేక్‌పేట సరాయి యెదుట నొకటి, హుస్సేన్ షా వలీ దర్గాకు పోవు మలుపున నొకటి, విశ్వవిద్యాలయపు ద్వారమున బృహచ్ఛిలా సమాధులను తెలుపునదొకటి, ఖాజాగూడ గుట్టల పాదమున ఆ శిలల వయస్సును చెప్పునదొకటి, పటాన్‌చెరు దర్వాజా వెలుపల 1687 నాటి ముట్టడిని వివరించునదొకటి. సైబర్ టవర్స్ యెదుట సైతము నొకటి యుండవలెను. 1998 కూడ చరిత్రయే, ఆ కట్టడమునకు ముందు ఆ చుట్టుపట్ల పొలములు దున్నుకొని, పశువులను మేపుకొని బ్రదికిన మాదాపూరు, కొండాపూరు గ్రామస్థుల జీవనమును కూడ అదే పలకపై తెలుపవలెను. విజేతలను, నిర్మాతలను మాత్రమే పొగడి, నేలనిచ్చినవారిని విస్మరించు ఫలకము అర్ధసత్యమే యగును.

వ్రాత తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషలలో నుండవలెను. శాసనమో, సమకాలిక చరిత్రకారుడో, తవ్వకమో ఆధారముగా గల సంగతులనే వ్రాయవలెను. జనశ్రుతిని వ్రాయదలచినచో అది జనశ్రుతి యని చెప్పి వ్రాయవలెను. రాజకీయ నాయకుల పేర్లు, శంకుస్థాపన తేదీలు ఆ పలకలపై చోటు చేసికొనరాదు. క్రొత్త ఆధారము దొరకినప్పుడు వ్రాతను మార్చుటకు వెనుదీయరాదు; వర్జీనియా వారు సైతము దాస్యమును, అంతర్యుద్ధమును గూర్చిన తమ పాత ఫలకములు కొన్నింటిని తిరిగి వ్రాసికొనవలసి వచ్చినది, అందువలన ఆ ఫలకములకు గౌరవము పెరిగినదే గాని తరుగలేదు. ఒక్క మేడ అద్దములకగు వ్యయములో అత్యల్ప భాగముతో ఇదంతయు సాధ్యము.

ఈ నేల ఇతర దేశముల లెక్కలను రాత్రింబవళ్లు భద్రపరచి, వారి జ్ఞాపకములను తన యంత్రములలో దాచి, ఒక్క అక్షరమైనను పోకుండ కాపాడుచున్నదని మనము గర్వించుచున్నాము. అట్టి నేల తన జ్ఞాపకమును మాత్రము కాపాడుకొనలేదనుట నమ్మదగిన మాట కాదు. కాపాడుకొన నక్కరలేదని మనము నిర్ణయించుకొన్నామనుటయే నిజము. మన నిర్ణయము గనుక దానిని మార్చుకొనుటయు మన చేతులలోనే యున్నది. ఇక మీదట ఎవరైనను ఇచ్చట పూర్వమేమియు లేదని పలికినయెడల, వారితో వాదములాడుటకు మారుగా వారిని తోడ్కొనిపోయి చూపుటకు బాటప్రక్కన ఒక రాయి ఉండవలెను. ఆ రాయిని నిలుపవలసిన బాధ్యత నగరపాలకులది. నిలుపువరకు అడుగవలసిన బాధ్యత, పుట్టినవారైనను వచ్చినవారైనను, ఈ నేలపై బ్రదుకుచున్న మనందరిది.